రంగు బానలో ఖాకీ అంగి

“నీ జడ ఆ మిషన్ల పడితే ఎట్ల బిడ్డా?”

పొయ్యి ముట్టించకముందే తల్లి సమ్మమ్మ నోటి నుంచి ఆ మాట వచ్చింది. కళావతి ఇంకా పక్క మీది నుంచి లేవనే లేదు.

ఆ భయం ఊరికే రాలేదు. బతుకుదెరువుకు భీమండి పోయిన ఆమె చెల్లెలు చిలుకమ్మ జుట్టు మరమగ్గాన్ని తిప్పే పట్టాకు చుట్టుకుంది. మనిషి తిరిగి రాలేదు. ఇప్పుడు, 1983లో, వరంగల్ కొత్తవాడలోని ఈ నేతింటి పిల్ల ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదువుతోంది. క్లాసు మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. ఈ రోజు లేత్ మిషన్ మీద పరీక్ష. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పి చెక్కే యంత్రం అదని విన్నప్పటి నుంచి సమ్మమ్మకు ముద్ద దిగడం లేదు.

స్నానం చేసి వచ్చిన కళావతి, వర్క్‌షాపులో తొడుక్కునే ఖాకీ అంగి కోసం దండెం మీద చూసింది. లేదు. పెరట్లో నూలుకు రంగు వేసే బానలో తేలుతూ కనిపించింది, ఎర్రగా.

“అవ్వా, ఇది నువ్వే ఏసినవా?”

సమ్మమ్మ మొదట చేయి జారిందన్నది. తర్వాత తల దించుకుంది. “అంగి లేకపోతె పోవనుకున్న. ఇంకేం చెయ్యాల్నో నాకు తెల్వలే.”

పరీక్ష తప్పితే ఏడాది పోతుందని కళావతి చెప్పింది. ఆడపిల్లకు మిషన్లు ఎందుకని మొదటి రోజే నవ్విన మాస్టారు, రాలేదు చూశారా అని అందరితో అంటాడని కూడా చెప్పింది. మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి సారంగపాణి నేత ఆపి ఇద్దరినీ చూశాడు. ఎవరినీ కాదనలేక మళ్లీ మగ్గం ఆడించాడు.

కళావతి అంగిని పిండి, తడితోనే తొడుక్కుంది. ఎర్రనీళ్లు మోచేతుల నుంచి కారాయి.

“దీంతోని రానిస్తరో లేదో తెల్వది. గేటు కాడనన్న నిలబడ్త. నాకు భయం లేదనుకుంటున్నవా అవ్వా? చిన్నమ్మకు జుట్టు గట్టిగ కట్టెటోళ్లు ఆడ ఎవ్వలు లేకుండె. నాకు నువ్వున్నవ్. కడ్తవా, కట్టవా?”

మగ్గం మీది పడుగు దారాల్లో తెగిన పోగులను సమ్మమ్మ అతికితే ముడి మళ్లీ ఊడదని వాడంతా అంటారు. బస్సు వేళ దగ్గర పడింది. కళావతి గడప దగ్గర జడ తల్లి వైపు పెట్టి నిలబడింది. సమ్మమ్మ లేచి, మగ్గం పక్కనున్న కండె నుంచి బారెడు దారం తెంపింది.

“ఇట్ల కూసో,” అన్నది కళ్లు తుడుచుకోకుండానే. “ఒక్క ఎంట్రుక గూడ బయటికి రాకుండ కడ్త.”