ఇసుక ఒడ్డున మొసలి జాడ

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో బీడీ ఆకు గోదాము పైన ఒక చిన్న గది ఉంది. తలుపు మీద "మృత్యుంజయం, ప్రైవేటు పరిశోధకుడు" అని రేకు పలక వేలాడుతుంటుంది. 1995 ఏప్రిల్‌లో ఒక ఉదయం మృత్యుంజయం పూజ ముగించుకుని, నుదుట విభూతి ఇంకా తడిగానే ఉండగా అక్కడికి వచ్చాడు. మెట్ల మీద బురఖా వేసుకున్న ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో చుట్టచుట్టిన తాడు ఒకటి ఉంది.

అసిస్టెంటు జహూర్ అప్పటికే ఆమెకు నీళ్లిచ్చాడు. ఆమె ముసుగు పైకెత్తి తాగింది.

"అన్నా, నా పేరు సాలెహా. ఎల్లారెడ్డి అవతల ప్రాజెక్టు ఒడ్డుకు క్యాంపు ఉండె గద, ఆడ పడవ నడిపే మజహర్ నా ఇంటాయన. రేపు పొద్దుగాల పంచాయితీ ఉంది. మమ్మల్ని ఊర్లకెల్లి ఎల్లగొడ్తరట."

"ఎందుకమ్మా?"

"మొసలి కోసం."

జహూర్ నవ్వబోయి, గురువుగారి ముఖం చూసి ఆగిపోయాడు.

సాలెహా చెప్పిన సంగతి ఇది. భర్త పోయిన తరువాత రాజమణి అనే ఆమె పంచాయతీ దగ్గర ఆ ఇసుక ఒడ్డును కౌలుకు తీసుకుని క్యాంపు పెట్టింది. వెదురు, రెల్లుగడ్డి గుడిసెలు. కరెంటు లేదు, సిమెంటు లేదు, ప్లాస్టిక్ సంచి లోపలికి రానివ్వదు. హైదరాబాదు నుంచి కుటుంబాలు వచ్చి ఇసుక మీద పడుకుని, నీళ్లలో ఆడి, పడవెక్కి పోయేవి. పోయిన నెల ఒక తెల్లవారుజామున ఇసుక మీద మొసలి జాడలు కనబడ్డాయి. పడవ దగ్గర కట్టేసిన సాలెహా మేక మాయమైంది. వచ్చినవాళ్లు ఆ పూటే మూటలు సర్దుకున్నారు. క్యాంపు మూతపడింది. అటవీశాఖవాళ్లు వచ్చి ఎంత వెతికినా మొసలి మాత్రం దొరకలేదు.

"ఇగ ఊరోళ్లు ఏమంటున్నరంటే, ఇసుక లారీలోళ్లతోని కలిసి మజహరే జాడలు గీసిండట. మేకను తనే ఇప్పి అమ్ముకున్నడట. ఇగో చూడు, తాడు తెగలే. ముడి ఇప్పి ఉంది. దీన్ని చూసే అందరు మమ్మల్ని దొంగలంటున్నరు."

మృత్యుంజయం తాడును అందుకుని, రెండు కొసలూ చూశాడు.

"మజహర్ మేకను అమ్మలేదని నీకెట్ల తెలుసమ్మా?"

సాలెహా ముఖం ఎర్రబడింది. "అది బక్రీద్‌కు అల్లా పేరు మీద పెంచిన జీవి అన్నా! వచ్చే నెలనే పండుగ. కొమ్ము ఇరగొద్దు, కాలు కుంటొద్దని బిడ్డ లెక్క సాదిన. అసొంటిదాన్ని అమ్ముకుంటమా?"

"ఎవరు పిలిచినా పోతదా అది?"

"పోదు. మొండిది. నన్నే పొడుస్తది. పుట్నాలు చూపెడ్తే మాత్రం దోజఖ్‌కైనా, నరకానికైనా పోతది," అంది. ఏడుపు మధ్యలోనే చిన్న నవ్వు వచ్చి పోయింది.

మృత్యుంజయం తాడు తిరిగి ఇచ్చేశాడు. "జహూర్, స్కూటర్ తియ్యి. సాలెహా, నువ్వు బస్సుకు రా."

ఊరి మొదట్లో సగం కట్టిన పాండురంగని గుడి ఉంది. కొత్త స్లాబుకు ఇంకా గుంజలు తీయలేదు. పక్కన మెరిసే ఇసుక కుప్ప. కూలీలు జల్లెడ పడుతున్నారు. మృత్యుంజయం స్కూటర్ మీది నుంచే చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. ఒక చెప్పు జారి రోడ్డు మీద పడితే జహూర్ వెనక్కి వెళ్లి తెచ్చాడు.

ఒడ్డుకు చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. గుడిసెల కప్పుల మీద గడ్డి ఎగిరిపోతోంది. ఆ పక్కన ఒడ్డు సగం గుంతలే. లారీ టైర్ల దారులు నీటి దాకా పోయాయి.

రాజమణి నలభై దాటిన మనిషి. కళ్ల కింద నలుపు.

"నాకు మజహర్ మీద అనుమానం లేదని అననండి," అంది నెమ్మదిగా. "ఎవరి మీద లేదో చెప్పమంటే చెప్పలేను. ఆ మాపు నేను పట్నపోళ్లను ఊర్లె హరికథకు తోలుకపోయిన. రాత్రి చీకట్ల వచ్చి పన్నం. లైట్లు లేవు గద. తెల్లారి మజహర్ లొల్లి పెడ్తే లేచినం."

మజహర్ పడవ పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. "ఎల్లారెడ్డిల మా కాక కొడుకు దావత్ సార్. నేను, సాలెహా మధ్యానమే పోయినం. పోయేముందు పడవను నీళ్లల్లనే ఉంచి గుంజకు కట్టిన. మేకను ఒడ్డుకు కట్టిన. మేం వచ్చేసరికి అందరు పన్నరు."

"వచ్చినంక మేకను చూసినవా?"

"లేదు. చూస్తే ఈ బాధ లేకపోవు."

ఇక లస్మయ్య. క్యాంపు రాకముందు ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయిన ఇసుకలో పుచ్చతీగలు పెట్టుకున్న రైతు. క్యాంపు మీద అందరికంటె ఎక్కువ కోపం అతనికే అని ఊరంతా చెప్పింది.

"అవు, కోపమే," అన్నాడు లస్మయ్య బీడీ ఆర్పకుండానే. "మూతపడ్డదంటే సంతోషపడ్డ. ఒక్కటే దినం. మర్నాటికెల్లి లారీలొచ్చినయి. ఇసుకనే పోతే పుచ్చగింజ యాడ పెట్టాలె, నా నెత్తి మీదనా?"

"ఆ రాత్రి ఎక్కడున్నవు?"

"కాలువ మీద. పొద్దుగూకంగ గేట్లెత్తిన్రు, యాసంగి వరికి. తెల్లారేదాక మడికి నీళ్లు మలుపుకుంట ఉన్న. మొసలి నాకాడికొచ్చినా పార ఇచ్చి పని చెబుదును!"

జహూర్ ఈసారి ఆపుకోలేక నవ్వాడు. మృత్యుంజయం మాత్రం నీటి వైపు చూస్తూ ఉండిపోయాడు.

చివరికి కిష్టయ్య పటేల్ ఇంటికి వెళ్లారు. ఆయన రాజమణి భర్తకు అన్న. ఊళ్లో పెద్దమనిషి. మెడలో తులసిమాల. మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ వైపు చుట్టరికాలున్న ఇల్లు కాబట్టి చిన్ననాటి నుంచే పండరిపురం పోయే అలవాటు. మాల వేసుకున్న నాటి నుంచి ఇంట్లో మాంసం ముట్టరు. చీమల పుట్టకు చక్కెర వేసి గాని అన్నం తినరని పేరు.

"రాండ్రి బిడ్డా, కూసోండ్రి." కండువా కొంగు విప్పి ఇద్దరి చేతుల్లో పాండురంగని ప్రసాదం పెట్టాడు. పుట్నాలు, చక్కెర. వచ్చిన ప్రతివారికీ అలాగే పెడతాడట. జహూర్ కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఆ రాత్రి మీరు క్యాంపుల్నే ఉన్నరట పటేలా?"

"ఉన్న. అందరు పోతే దీపం పెట్టేటోడు ఒక్కడన్న ఉండాలె గద. మరదలు వచ్చినంక గూడ ఆడనే అరుగు మీద పన్న. తెల్లారగట్ల మేక అరిసింది. నీళ్లల్ల దబ్బుమని సప్పుడైంది. చీకట్ల ఏం కానొస్తది?"

"తెల్లారగట్లనేనా? మాపటిపూట కాదు గద?"

"నేను నిద్రల కలగన్ననా ఏంది? తెల్లారగట్లనే."

"తరువాత?"

"తరువాతేముంది. మద్నూర్‌ల మా అక్క సుగుణమ్మ ఇంట్ల భజన ఉంటే ఎడ్లబండి కట్టుకోని ఆ పూటనే పోయిన." కిష్టయ్య గొంతు తగ్గించాడు. "మజహర్ మంచోడే బిడ్డా. కాని బీదోడు. బీదోని మనసు ఎప్పుడెట్ల ఉంటదో ఎవరికెరుక?"

ఆ మాటకు మృత్యుంజయం తల ఊపి లేచాడు.

తిరుగుదారిలో ఎల్లారెడ్డి బజారులో అబ్రాహాము స్టూడియో దగ్గర ఆగారు. ఆ ఉదయం రాజమణి కబురు పెడితే వచ్చి జాడలను ఫొటో తీసినవాడు అతనే. ఒక కాపీ ఇచ్చాడు. ఇసుక మీద వెడల్పాటి ఈడ్పు గీత, దానికి రెండు వైపులా గోళ్ల అచ్చులు. వెనక పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. పడవ దగ్గర మొదలైన జాడ మేకను కట్టిన చోటు దాకా వచ్చి, మళ్లీ పడవ దగ్గరికే పోయింది.

"అబ్బా! ఎంత పెద్దదో సార్," అన్నాడు జహూర్.

"మొసలిని చూడకు జహూర్. పడవను చూడు."

జహూర్ చాలాసేపు చూశాడు. "పడవే గద సార్?"

"పడవే. నెత్తురు ఎక్కడన్న కనబడుతున్నదా?"

"లేదు."

"అయితే నువ్వు ఇప్పుడే మద్నూర్ బస్సెక్కు. ఒక జీవి బతికుందో లేదో చూసి రావాలె," అన్నాడు మృత్యుంజయం. చెవిలో ఇంకో మాట చెప్పాడు.

మరునాడు ఉదయం, పంచాయితీ కూర్చునే ముందు, క్యాంపు భోజనాల పాకలో అందరినీ కూర్చోబెట్టాడు. రాజమణి, మజహర్, సాలెహా, లస్మయ్య, కిష్టయ్య పటేల్. బయట ఇసుక లారీ ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"ముందు మొసలి సంగతి," అంటూ ఫొటోను చాప మీద పెట్టాడు. "మజహర్ మధ్యాహ్నం పడవను నీళ్లల్ల ఉంచి పోయిండు. తెల్లారి తీసిన ఈ ఫొటోల పడవ ఇసుక మీద ఉంది. ఎందుకు లస్మయ్యా?"

"గేట్లెత్తిన్రు గద. కాలువ నీళ్లు గుంజింది."

"అదే. రాత్రంతా నీళ్లు వెనక్కి పోయినయి. తెల్లారగట్ల మొసలి నీళ్లలోంచి వస్తే, పడవ అవతలి తడి ఇసుకల గూడ జాడ ఉండాలె. లేదు. పడవ దగ్గర, అంటే మాపటి నీటి అంచు కాడ మొదలైంది. అక్కడనే అయిపోయింది. అంటే ఈ జాడ నీళ్లు తగ్గకముందే, పొద్దుగూకే యాళ్లకు పడ్డది. ఇసుక నింపిన సంచిని ఈడ్చి, పక్కన చేతివేళ్లతోని అచ్చులు గుద్దిన్రు. అప్పుడు మజహర్ దావత్‌ల ఉన్నడు. రాజమణమ్మ హరికథల ఉంది. లస్మయ్య కాలువ మీద ఉన్నడు. అయినా నీళ్లతో బతికే మజహర్, లస్మయ్యలైతే, గేట్లెత్తిన రాత్రి ఇసుక మీద జాడ గీసే పొరపాటు చేయరు."

కిష్టయ్య నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "అంటే నన్నంటున్నవా? నా మెడల మాల చూడు బిడ్డా. నేను జీవహింస చేసేటోన్నా?"

"కాదు పటేలా. అందుకే మీరని తెలిసింది."

మృత్యుంజయం ఫొటోను ఆయన వైపు జరిపాడు.

"వేరే ఎవరైనా ఆ మేకను కోసి నాలుగు నెత్తురు చుక్కలు చల్లేటోళ్లు. మొసలి నిజమని ఊరు నమ్మేది. మీ చెయ్యి రాలేదు. ముడి విప్పి, పట్టుకపోయి మీ కొట్టంల దాచిన్రు. తెల్లారి బండిల దూరం తోలిన్రు. ఇక్కడి అంగట్లో కనబడితే సాలెహా గుర్తుపడుతది గద."

బయట నుంచి గంట చప్పుడు వినిపించింది. జహూర్ చొక్కా నిండా దుమ్ముతో, తాడు పట్టుకుని వచ్చాడు. తాడు చివర గోధుమరంగు మేక, ఒక చెవి తెల్లగా. సాలెహా ఒక్క అరుపు అరిచి చేతులు చాచింది. మేక ఆమెను దాటుకుని నేరుగా వెళ్లి, కిష్టయ్య పటేల్ కండువా కొంగును మూతితో లాగసాగింది.

కొంగు ముడి ఊడి పుట్నాలు ఇసుకలో రాలాయి.

"సుగుణమ్మగారు చెప్పిన్రు సార్," అన్నాడు జహూర్ ఆయాసంతో. "తమ్ముడు తెచ్చిండు, దేవుని మేక, పైలంగ చూసుకోమన్నడట."

కిష్టయ్య కూలబడ్డాడు. రాలిన పుట్నాల వైపు చూస్తూ చెప్పాడు.

"గుడి ఏండ్ల సంది మొండిగోడలతోని ఉండె. ఒడ్డు ఇప్పిస్తే స్లాబు వేయిస్తనన్నడు ఇసుక కంట్రాక్టరు. క్యాంపు ఉంటే ఒడ్డు దొరకది. ఎవ్వరికి దెబ్బ తగలకుంట, ఉత్త భయంతోని పోతది అనుకున్న. మజహర్ మీదికి వస్తదని అనుకోలే."

"వచ్చినంక?" అన్నాడు మృత్యుంజయం.

కిష్టయ్య మెడలోని మాలను పట్టుకున్నాడు.

"నాకు తెలియక అడుగుతున్న పటేలా. నేనూ పొద్దున లేస్తే దేవుని ముందు కూసునేటోన్నే. మేక మెడ మీద కత్తి పెట్టలేని చెయ్యి, మజహర్ పొట్ట మీద ఎట్ల పెట్టింది?"

రాజమణి "బావా!" అని ఒక్క మాట అని ముఖం తిప్పుకుంది.

సాలెహా అప్పటికే మేక పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కొమ్ములు తడిమింది. కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. పళ్లు చూసింది. తరువాత కిష్టయ్య వైపు తల ఎత్తింది.

"ఒక్క గీత గూడ పడలే," అంది. "మేకను మంచిగనే చూసుకున్నవు బాపు."

ఆ మాటకు కిష్టయ్య కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

పంచాయితీలో ఆయనే నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒడ్డు మీదికి లారీలు రావద్దని, రాజమణి కౌలు సాగాలని పెద్దలు తీర్మానించారు. మజహర్‌ను ఎవరూ క్షమించమని అడగలేదు. ఇద్దరు ముగ్గురు బీడీ ఇచ్చారు, అంతే. తవ్వుకుపోయిన ఇసుక మాత్రం వెనక్కి రాలేదు. సగం ఒడ్డే మిగిలింది. గుడిసెలను గట్టు వైపు జరుపుతానని, గుంతలు పూడ్చుకుంటే అక్కడ పుచ్చ పెట్టుకోమని రాజమణి లస్మయ్యతో అంది. "పట్నపోళ్లు కాయలు దొంగిలిస్తే?" అని లస్మయ్య అడిగాడు. "మొసలిని కావలి పెట్టు," అన్నాడు మజహర్. ఆ నెలలో అతను నవ్వడం అదే మొదలు.

సాయంత్రం పడవను నీళ్లలోకి దింపాలనుకున్నారు. నీళ్లు చాలా దూరం పోయాయి. మజహర్, లస్మయ్య, జహూర్ భుజాలు ఆనించి తోశారు. పడవ కదలలేదు. మృత్యుంజయం పంచె ఎగగట్టి చేయి వేశాడు. అయినా కదలలేదు.

గుడి వైపు నుంచి కిష్టయ్య పటేల్ ఒక్కడే నడిచి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వచ్చి చెప్పులు విడిచి, మజహర్ పక్కన పడవ అంచు పట్టుకున్నాడు. మజహర్ అతని వైపు చూడలేదు. పక్కకు పొమ్మనీ అనలేదు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

పడవ కదిలింది.