నాలుగుసార్లు మోగిన బెల్లు

మా బడి వెనక సైకిల్ షెడ్డుంది చూశారూ... పొద్దు వాలాక అటు వెళ్ళమంటే గేటు దగ్గర కుక్క కూడా తోక ముడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ బళ్ళో గంట కొట్టే అటెండర్ని నేను. పుక్కిటి పురాణం కాదు, సగం నా చెవులతో విన్నాను, సగం మా బళ్ళో ఆయమ్మ చెప్పింది.

పదో తరగతిలో నలుగురుండేవాళ్ళు. చైన్ బ్యాచ్ అని పేరు పెట్టుకున్నారు. మూతి మీద మీసం మొలవలేదు గానీ పొగరు నెత్తికెక్కింది వెధవలకి! ముంజేతికి సైకిల్ చైను చుట్టుకుని తిరగడం, చిన్న పిల్లల్ని మూలకి నెట్టి కొట్టడం. ఒక్కొక్కడికీ ఒక్కో గుర్తు. సైకిల్ బెల్లు ఒకసారి మోగితే వాళ్ళ నాయకుడు బుల్లెట్. రెండైతే ఒకడు, మూడైతే ఇంకొకడు. నాలుగైతే బక్కోడు.

బక్కోడు మా ఆయమ్మ కొడుకు. బడి ఊడ్చే ఆయమ్మకి వాడొక్కడే దిక్కు.

"ఇంక నేను రాన్రా, మా అమ్మకి తెలిస్తే బతకదు" అన్నాడట ఓ రోజు. మర్నాడు పొద్దున్నే షెడ్డులో, సైకిలు పక్కన... వాడు లేవలేదు.

గోడ దూకబోయి పడ్డాడని రాసేశారు హెడ్మాస్టరు. తల మీద ఆ గాట్లేమిటని ఎవరూ అడగలేదు. నెత్తురు కడిగింది నేనే. తిట్టుకోండి, పడతాను.

నెల తిరక్కుండా మొదలైంది. సాయంత్రం స్టడీ అవర్ వదిలి లైట్లు ఆర్పేసరికి — ట్రింగ్... ట్రింగ్... ట్రింగ్... ట్రింగ్.

వెళ్ళి చూస్తే బక్కోడి సైకిలొక్కటే ఉంది. దానికి బెల్లు లేదు.

బ్యాచ్‌లో ఒకడు జ్వరమని మంచం పట్టాడు, ఇంకొకడు బడే మానేశాడు. బుల్లెట్ మాత్రం, "దెయ్యమైతే ఏంటి, తోలు తీస్తా" అంటూ చైను చుట్టుకుని లోపలికి నడిచాడు. తాళం వేద్దామని వెళ్ళిన నేను గోడ వెనకే బిగుసుకుపోయాను.

"ఎవడ్రా?"

వాడి వెనక్కొచ్చి మోగింది బెల్లు — నాలుగుసార్లు.

"ఒరేయ్... నువ్వేనా?"

మళ్ళీ నాలుగు. ఈసారి ఇంకా దగ్గరగా... చైను నేల మీద పడిన చప్పుడైంది.

"నన్నొదిలెయ్‌రా... చైను తిప్పింది నేనే... నువ్వు అమ్మా అని అరుస్తున్నా ఆపలేదు... తప్పైపోయింది..."

చీకట్లోంచి గుసగుస.

"ఎన్ని దెబ్బలు?"

"లెక్క... లెక్కపెట్టలేదు..."

ఆడగొంతు అది! టార్చి వేశాను. ఆయమ్మ. ఒక గుప్పిట్లో బెల్లు, రెండో చేతిలో కింద పడిన చైను. కాళ్ళ దగ్గర బుల్లెట్ ముడుచుకుపోయి, లాగు తడిపేసుకుని. ఆ చైను పైకి లేచింది... దేవుడి సాక్షిగా చెబుతున్నా, నేను ఆపబోలేదు.

చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత చెయ్యి దించి, చైను కొంగులో మూటగట్టుకుంది.

"విన్నావుగా అన్నా? స్టేషన్లో చెబుతావా, ఈసారైనా?"

చెప్పాను. కడిగిన సంగతితో సహా. వాడూ ఒప్పుకున్నాడు. పిల్లల జైల్లో వేశారు.

తర్వాతెప్పుడో అడిగాను. "నాలుగుసార్లన్నది వాళ్ళ గుట్టు కదమ్మా, నీకెలా తెలిసింది?"

"గుట్టా?" అంది, తెల్లబోయి. "రోజూ మావాడు మా సందు మొదట్లో అలాగే కొట్టుకుంటూ వచ్చేవాడన్నా. ఆకలేస్తోందని చెబుతున్నాడనుకుని అన్నం వడ్డించేదాన్ని."

ఆయమ్మ బెల్లు తుడిచి, బొడ్లో దోపుకుంది.

"ఇంకా దాచావెందుకమ్మా దాన్ని?"

"జైలు నుంచి వాడూ ఎప్పటికో ఒకప్పటికి ఇంటికొస్తాడుగా అన్నా," అంది చీపురందుకుంటూ. "వాళ్ళ సందు నాకు తెలుసు."