రంగు పడని దిమ్మ

"ఆ ఓడలో మీ చెల్లెలు పనిచేస్తోంది. తెలిసే నిన్ను పంపుతున్నాను," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కుర్చీలోంచి లేచాడు.

"రేపు పదకొండింటికి, ఓడను మరమ్మతుకు నిలిపిన డ్రై డాక్‌లోకి సముద్రపు నీళ్లు వదులుతారు. ఈలోగా విదేశీ ముఠా ఓడ అడుగున బాంబు బిగిస్తుంది. ఉప్పునీళ్లు తగలగానే పేలుతుంది."

"మా చెల్లెల్ని దిగిపొమ్మంటాను, సార్."

"ఇంజిన్ రూమ్‌లో ఆమెతో పాటు నలభైమంది ఉన్నారు. ఆమెకు చెబితే అందరికీ తెలుస్తుంది. ముఠా జారుకుని ఇంకో ఓడ చూసుకుంటుంది. నోరు మెదపకు. అక్కడ మురుగునీటి ప్లాంట్ కెమిస్ట్ మన ఏజెంటే. వాళ్ల ఏజెంట్ కూడా. ఎవరికి ఎక్కువ పనిచేస్తుందో నాకూ తెలీదు."

పెయింటర్ వేషం కుదిరింది గానీ పనే కుదరలేదు. అనుమానం రాకూడదని ఏజెంట్ ఆ మధ్యాహ్నం కనపడినదానికల్లా ఎర్రరంగు పూశాడు. ఓడ పొట్టకు బిగించిన అరవై జింకు దిమ్మల్నీ వదల్లేదు. మేస్త్రి చూసి తల పట్టుకున్నాడు.

"నీకు బ్రష్ ఇచ్చిందెవర్రా? అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు, సముద్రం ఓడ మీద కోపాన్ని ఈ జింకు మీద తీర్చుకుంటుంది. జింకు అరిగినన్నాళ్లూ ఓడకి తుప్పు పట్టదు. నువ్వు దాన్నే మూసేస్తే సముద్రం ఓడనే తింటుంది. రేపు పొద్దున అన్నీ గీకు."

పొద్దున అతను గీకలేదు, వెతికాడు. బాంబుల్ని పసిగట్టే పరికరాన్ని డిపార్ట్‌మెంట్ గీకుడు కత్తి పిడిలో పెట్టి ఇచ్చింది. దిమ్మల వైపు చూడకుండా దాని కూత కోసమే చెవులు రిక్కించాడు, అది ఒక్కసారి కూడా కూయలేదు. పదిన్నరకు కెమిస్ట్ వచ్చింది. పెదవులకు ఎర్ర లిప్‌స్టిక్, నుదుటి మీద సేఫ్టీ గాగుల్స్. డాక్ కడిగిన రంగునీళ్లు ఆమె ప్లాంటుకే పోతాయి. గట్టు మీది సంప్‌లో మురికి కనిపిస్తే అక్కడి మీటర్ ఎర్రబడి, సముద్రపు నీళ్లు వదిలే డాక్ వాల్వ్ దానంతట అదే మూసుకుంటుంది. విషం సముద్రంలో కలవకూడదని ఆ ఏర్పాటు.

"నీళ్లు చిక్కగా ఉన్నాయి," అంది. అది కోడ్.

"వడకడితే సరి."

"బిగించేశారు. ఎక్కడో నాకు చెప్పలేదు."

"నీళ్లు శుభ్రమని సంతకం పెట్టకండి."

"పెట్టేశాను. పెట్టకపోతే ఈపాటికి నేనుండేదాన్ని కాదు. వాల్వ్ ఆపరేటర్ వాళ్ల మనిషే." ఆమె వెనుదిరిగి మెట్లెక్కి వెళ్లిపోయింది.

పది నలభై, పది యాభై. అతను ఓడ కింద పాకుతూనే ఉన్నాడు. ఇనుప రేకుకు అవతల ఎవరో సుత్తితో కొడుతున్నారు. చెల్లెలే కావచ్చు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిన పిల్ల. ఇప్పుడు రేకు మీద తట్టి పారిపొమ్మని చెప్పే వీలు కూడా లేదు. అతనికి ఏడుపొచ్చింది.

సైరన్ మోగింది. నీళ్లు గలగలమంటూ లోపలికి వచ్చాయి.

కళ్లు తుడుచుకుని చూస్తే దిమ్మలన్నీ ఎర్రగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. నడుమెత్తున అది తళతళ మెరుస్తోంది. నిన్న అరవైకీ రంగు పూసిన పాపం అతనిదే. మరి ఇదెక్కడిది?

నాలుగు బోల్టులు. మొదటిది విప్పేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"వాల్వ్ ఆపండి!"

ఆపరేటర్ వినపడనట్టే తల తిప్పుకున్నాడు. గట్టు మీద సంప్ పక్కన కెమిస్ట్ నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గరే అతను వదిలేసిన పెయింట్ డబ్బా ఉంది. ఏజెంట్ ఆ దిమ్మ వైపు వేలు చూపించాడు. అంతకంటే ఏం అడగాలో అతనికి తోచలేదు.

ఆమె ఆపరేటర్‌ని చూసింది, అతన్ని చూసింది. డబ్బాను కాలితో తన్నింది.

ఎర్రరంగు సంప్‌లో పడింది. మీటర్ ఎర్రబడింది. వాల్వ్ ధడేలున మూసుకుంది. దిమ్మకు నాలుగు వేళ్ల కింద నీళ్లు ఆగాయి.

నాలుగో బోల్టు ఊడేసరికి గార్డులు ఆపరేటర్‌ని పట్టుకున్నారు. కెమిస్ట్ గోడకు ఆనుకుని నిలబడింది. ఒక్క తన్నుతో ఆమెకున్న రెండు గూఢచారి ఉద్యోగాల్లో ఒకటి పోయింది.

గోలకు చెల్లెలు డెక్ మీదికొచ్చి తొంగిచూసింది.

"అన్నయ్యా, ఏసీ ఆఫీసులో ఉద్యోగమన్నావ్, ఇదేనా?"

దిమ్మను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని నిలబడ్డాడు ఏజెంట్. అప్పుడే మేస్త్రి నీళ్లు తన్నుకుంటూ వచ్చాడు.

"ఒకటి పీకావ్, బాగుంది. మిగతా యాభై తొమ్మిదీ ఎవరు గీకుతారు?"