కొడుకు గది ముందు పదకొండో నంబరు

ఆ ఇంటి కొడుకుతో వచ్చిన చిక్కల్లా ఒకటే: పరాయి పిల్లలకు మహా మంచివాడు. కాలేజీలో అతని ఉద్యోగమే సలహాలివ్వడం. చేరేముందు పెట్టే స్థాయి పరీక్షలో మార్కులు తగ్గి, పునాది లెక్కల కోర్సులో పడ్డ పిల్లలు మొహాలు వేలాడేసుకుని వస్తే, మంచినీళ్ళిచ్చి, ధైర్యం చెప్పి, నవ్వించి మరీ పంపుతాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఆ నోటిని ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేస్తాడు కాబోలు.

ఆ ఉదయం టిఫిన్ దగ్గర అదే తేలింది. అతని తల్లి యాభై ఒకటో ఏట అదే కాలేజీలో చేరింది. ఇరవై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో గాజు గొట్టాలు కడిగిన మనిషి, ఇక ల్యాబు టెక్నీషియనే కావాలని పట్టుబట్టింది. ఆ కోర్సు మూడేళ్ళకోసారే మొదలవుతుంది. సీటు రావాలంటే ఈ టర్ములోనే, పునాది తర్వాత వచ్చే అసలు లెక్కల కోర్సు పాసవ్వాలి. స్థాయి పరీక్షలో మార్కులు తగ్గి ఆవిడకు వచ్చింది పునాది లెక్కలు. రెండూ కలిపి చదవచ్చు గానీ, సలహాదారు సంతకం కావాలి.

ఆ సలహాదారు కంచంలోకి చూస్తూ, ముందు పునాది చదువు, మిగతాది తర్వాత చూద్దాం, ఈ వయసులో అంత బరువెందుకు అన్నాడు.

కోడలు గిన్నె తోముతూ, "ఇంట్లో అడిగితే కొడుకే పలుకుతాడు అత్తయ్యా. ఆఫీసులో నంబరు తీసుకుని అడగండి" అంది.

పదకొండో నంబరు దొరికింది. బెంచీ మీద పక్కనున్న ఇద్దరు పిల్లల్ని ఆవిడ మాటల్లోకి దించింది. ఇద్దరికీ రెండు కోర్సులకూ సంతకం పెట్టాడట. అందులో ఒకమ్మాయికి ఆవిడకన్నా నాలుగు మార్కులు తక్కువే.

లోపలికెళ్ళగానే, "కూర్చోమ్మా" అన్నాడు.

"అమ్మ ఇంట్లో ఉంది. నేను పదకొండో నంబరుని. బయట వాళ్ళకి పెట్టిన సంతకం నాకెందుకు పెట్టవు?"

అతను కలం తిప్పుతూ అన్నాడు: "వాళ్ళు ఫెయిలైతే వాళ్ళింట్లో ఏడుస్తారు. నువ్వు ఫెయిలైతే నేను చూడాలి."

"చూడకు. నేనేడ్చే ఆ గంటసేపు వీధిలోకెళ్ళు. సంతకం పెట్టు."

పెట్టాడు, కాగితం చిరిగేంత గట్టిగా.

అసలు లెక్కల మొదటి పరీక్షలో నూటికి ముప్ఫై నాలుగు. కొడుకు నోరు తెరవబోతే కోడలు నీళ్ళ గ్లాసు అందించింది. తల్లి రోజూ ఒక గంట ముందే కాలేజీకి వెళ్ళి, పాఠాలు మళ్ళీ చెప్పిపెట్టే సహాయకుల గదిలో లెక్కలు చేసింది. నిష్పత్తుల పాఠం వచ్చిన రోజు మాత్రం క్లాసంతా ఆవిడ చుట్టూ చేరింది. గొట్టాలు కడిగే మందు ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలపడం ఆవిడ చేతులకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

టర్ము చివర పునాదిలో తొంభై, అసలు లెక్కల్లో ఎనభై ఒకటి. సీటు ఖాయమైంది.

ఆ మార్కుల కాగితం పట్టుకుని ఆవిడ మళ్ళీ నంబరు తీసుకుంది. కొడుకు చదివాడు, మళ్ళీ చదివాడు. లేచి, తల్లి చెయ్యి పట్టుకుని, గది తలుపు తీసి, బెంచీ మీద మొహాలు వేలాడేసుకున్న ఆరుగురి ముందు నిలబడ్డాడు.

"ఈవిడ మా అమ్మ. మీ అందరికీ ధైర్యం చెప్పే నేను, ఈవిణ్ణి ఆపాలని చూశాను. నాకు భయమేసింది, దానికి ఈవిడ వయసుని సాకు చేశాను" అన్నాడు. తల్లి వైపు తిరిగాడు.

"తప్పు నాదేనమ్మా."