తెర వెనక నుంచి మాట్లాడు

"మాట్లాడు!" తెర ఇవతలి నుంచి నెలిదా అరిచింది.

"స్నానం చేస్తున్నానమ్మా, ఉపన్యాసం ఇవ్వట్లేదు! సబ్బు నోట్లోకి పోతోంది." తెర అవతలి నుంచి రొమీనా గొంతు.

"పోనీ. సబ్బు నోటితోనే మాట్లాడు."

అల్మాగ్రో పేటలోని ఆ ఇంట్లో స్నానాలగదికి తలుపు లేదు, పూల తెర ఉంది. లోపలికెళ్లినవాళ్లు బయటికొచ్చేదాకా నోరు మూయకూడదు. రొమీనా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె అన్న తాదెయో ఆ గదిలోనే, గ్యాస్ హీటర్ వదిలిన విషవాయువుకు పోయాడు. ఆ తర్వాతే తలుపు పీకించేశారు. ఆ ఊరి పేరు బ్యూనస్ ఎయిర్స్, అంటే మంచి గాలులని అర్థం. ఆ పేరు పెట్టినవాడు ఈ ఇంట్లో స్నానం చేసి ఉండడు.

తల తుడుచుకుంటూ రొమీనా వంటింట్లో కూలబడింది. నెలిదా మాతే ఆకు వేసిన సొరబుర్రలో వేడినీళ్లు పోసి, తాగమని అందించింది. పొద్దున్నే ఆ బుర్ర చేతులు మారుతుంటే రాత్రి కలలు చెప్పుకోవడం ఆ ఇంటి అలవాటు. కొంతకాలంగా మాత్రం కల చెబితే కలత, చెప్పకపోతే కలహం.

"మళ్లీ అదేనా?" నెలిదా అడిగింది.

"అదే. అన్న లోపలున్నాడు. నువ్వు తలుపుకి అడ్డం నిలబడ్డావు. నీ కాళ్ల దగ్గర తడి తువ్వాలు. ఇవాళ సాయంత్రం, కలల్ని నాటకంలా ఆడి చూసే గ్రిసెల్దా గారి బృందంలో దాన్నే ఆడిస్తున్నాం. నీ పాత్ర బేకరీ డోరా వేస్తుంది."

"పాత్రలు తోమేది నేనూ, నా పాత్ర వేసేది డోరానా? దాని మొహం బన్నులా ఉంటుంది!"

"బన్నయినా అడిగితే జవాబిస్తుంది. ఆ రోజు వాడితో పోట్లాడావు. 'అక్కడే పడి ఉండు' అన్నావు, నేను విన్నాను. తర్వాత తలుపు మూసి నిలబడ్డావు. ఎందుకమ్మా?"

నెలిదా బుర్ర కింద పెట్టింది. "నీళ్లు చల్లారిపోయాయి."

"ఎప్పుడూ ఇంతే. సామానంతా కట్టేశాను. రేపు వెళ్లిపోతున్నా, ఇక ఈ గడప తొక్కను."

శనివారాలు ఆ బృందం ఆటకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. రొమీనా కల చెప్పగానే అర్థాలు కుప్పలుగా పడ్డాయి. తడి తువ్వాలంటే ఏడవని ఏడుపన్నారొకరు. కాదు, మనసు అడుగున పారే నదన్నారు ఇంకొకరు.

"అర్థాలు తర్వాత. ముందు తువ్వాలుగా ఎవరు పడుకుంటారు?" అంది ఆట నడిపే గ్రిసెల్దా.

ఒక బ్యాంకు గుమాస్తా నేలమీద పడుకున్నాడు. ఒక లావుపాటాయన తలుపుగా నిలబడ్డాడు. డోరా రెండు చేతులతో ఆయన్ని నెడుతూ, "వాడికి బుద్ధి రావాలి!" అని హుంకరించింది.

"తలుపు తియ్యమ్మా!" రొమీనా గొంతు చిరిగింది.

"అలా కాదు." వెనక వరసలోంచి ఎవరో లేచారు. చేతిలో కూరల సంచి. నెలిదా! "నేనలా నిలబడలేదు."

"ఎలాగో చూపించండి. మాట రాకపోతే చేతులతో," అంది గ్రిసెల్దా.

గుమాస్తా పక్కకి జరిగాడు. నెలిదా మోకాళ్ల మీద కూర్చుని, మెడలోని గుడ్డ తీసి, 'తలుపు' బూట్ల ముందు పరిచి, వేళ్లతో కుక్కింది. లేని సందులోకి కుక్కుతూనే ఉంది. తర్వాత లేచి, తలుపుకి వీపు ఆనించి, చేతులు చాచి కూతురికి ఎదురుగా నిలబడింది.

"గాలి నీ వైపు రాకూడదని," అంది. "తలుపు తీసేసరికి వాడు నేలమీదున్నాడు. నాకూ కళ్లు తిరిగాయి. అంతలో నువ్వు 'అన్నా' అంటూ పరిగెత్తుకొస్తున్నావు. వాడికి ఊపిరుందో లేదో చూడలేదే రొమీనా. ఇవతలికొచ్చి మూసేశాను."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నీకోసం నీ అన్నని వదిలేశానని చెప్పనా? ఆ బరువు నువ్వెలా మోస్తావు? నన్ను తిట్టుకుంటున్నావులే, అది నేను మోయగలను అనుకున్నా."

గ్రిసెల్దా మెల్లగా, "స్థానాలు మార్చుకోండి," అంది. అది ఆటలో నియమం. రొమీనా వెళ్లి తల్లి నిలబడ్డ చోట నిలబడి, తలుపుకి వీపు ఆనించింది. తలుపుగా నిలబడ్డ మనిషి ఊపిరి తీస్తున్నాడు. ఆ కదలిక ఆమె వీపుకి తగులుతోంది. అమ్మ వీపు ఆ రోజు తలుపు అవతల ఇలాంటి ఊపిరి కోసమే వెతికి ఉంటుంది. ఎదురుగా కూరల సంచీతో చిన్నబోయిన ముసలమ్మ. రొమీనా వెళ్లి తల్లిని పట్టుకుని చంటిపిల్లలా ఏడ్చింది.

ఆదివారం పొద్దున గుమ్మం దగ్గర పెట్టెలు అలాగే ఉన్నాయి. ఒక్కటి మాత్రం తువ్వాలు కోసం విప్పి ఉంది. తెర అవతల నీళ్ల చప్పుడు. నెలిదా అలవాటుగా వచ్చి నిలబడింది. ఆమె అరిచేలోపే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, ఉన్నావా? రాత్రి కల చెబుతా, విను."

నెలిదా తెరకి చెయ్యి ఆనించింది.

"ఉన్నాను. సబ్బు మింగకుండా చెప్పు."