బండిలో చప్పుడు

"ఎర్ర ప్యాకెట్ ఎందుకు తెచ్చావు?" అంది నాయనమ్మ.

"ఆకుపచ్చవి అయిపోయాయి అత్తయ్యా. లోపలున్నవి అవే మొక్కజొన్న బుడగలు కదా" అంది అమ్మ.

"ఎర్రది పెడితే బండి ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే నువ్వు ముందుకు పోతావా?"

"బండికి రంగులు తెలుస్తాయా?"

"నీకు తెలియనివి చాలా తెలుస్తాయి."

బుధవారం ఒంటిపూట బడి. ఇంటికొచ్చిన మనవరాలు వెన్‌చీ నూడుల్స్ గిన్నెలోంచి తల ఎత్తలేదు. వాళ్లిద్దరి మధ్యా తల ఎత్తితే ఎవరో ఒకరి పక్షం మాట్లాడాల్సి వస్తుంది.

తైవాన్‌లో ఎక్కడ యంత్రం ఉన్నా దానిమీద ఆ చిరుతిండి ప్యాకెట్ ఒకటి కనిపిస్తుంది. బ్యాంకులో కంప్యూటర్ మీద ఉంటుంది, ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషన్ మీద ఉంటుంది. యంత్రం బుద్ధిగా పనిచేయాలని పెడతారు. ఆకుపచ్చదే పెట్టాలి. తేదీ దాటిపోకూడదు. ముఖ్యంగా, దాన్ని తినకూడదు.

నాయనమ్మ గొడుగు తీసుకుని వానలోనే వెళ్లి, ఆకుపచ్చ ప్యాకెట్ కొనుక్కొచ్చింది. వెన్‌చీ చేతిలో పెట్టింది.

"బండి కున్ మెకానిక్ షాపులో ఉంది. మీ నాన్న వచ్చేలోగా దాని పనిముట్ల పెట్టెలో పెట్టు. దారిలో నలపకు."

నాన్న ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు వేస్తాడు. బండి పాత మోటారుసైకిల్. వెనక ఇనుప చట్రానికి సిలిండర్లు కట్టుకుని, కొండ మీది ఇళ్లదాకా తీసుకెళ్తాడు. రెండు రోజులుగా ఇంజన్‌లో ఏదో చప్పుడు వస్తోందని వీధిలో వాళ్లంటే కున్ బాబాయ్‌కి అప్పగించాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారు.

వెన్‌చీ వెళ్లేసరికి కున్ బాబాయ్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటున్నాడు.

"డాక్టర్‌లా ఉన్నావు బాబాయ్."

"డాక్టర్ చేతులు ఇంత నల్లగా ఉంటాయా? ఇలా రా, విను."

వెన్‌చీ పిడికి చెవి ఆనించింది. టక్ టక్ టక్ టక్. బాబాయ్ ఇంజన్ వేగం పెంచితే చప్పుడు కూడా వేగంగా వచ్చింది.

"ఇది పైనుంచి వస్తోంది. పైకి ఆయిల్ అందడం లేదు. కింద చూడు, ఎందుకో తెలుస్తుంది."

ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే బోల్టు చుట్టూ తడిగా ఉంది. కింద నేలమీద నల్లటి చుక్కలున్నాయి. బాబాయ్ బోల్టు విప్పి, కొత్త వాషర్ వేసి బిగించాడు. కొత్త ఆయిల్ పోశాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు.

"అయిపోయిందా?"

"అవలేదు. ఈ బోల్టు పట్టే మరలు అరిగిపోయాయి. కింది భాగం మార్చాలి, తెప్పిస్తున్నాను. అది వచ్చేదాకా ఆ టక్ టక్ మళ్లీ వినిపిస్తే, ఎక్కడుంటే అక్కడే ఇంజన్ ఆపేయమని నాన్నకి చెప్పు. ఒక్క సిలిండర్ కూడా వేయొద్దని చెప్పు. గుర్తుంటుందా?"

"ఉంటుంది."

బాబాయ్‌కి ఫోన్ వచ్చింది. వంతెన దగ్గర ఎవరిదో స్కూటర్ ఆగిపోయిందట. "నాన్న వస్తే బండి తీసుకెళ్లమను" అని వెళ్లిపోయాడు.

వాన పడుతూనే ఉంది. నాన్న రాలేదు. వెన్‌చీకి మళ్లీ ఆకలి వేసింది. ప్యాకెట్ మూల కొంచెం చింపి ఒక్కటి తీసింది. కొబ్బరి వాసన వచ్చింది. ఇంకొకటి తీసింది. చూసుకునేసరికి ప్యాకెట్ చదునుగా అయిపోయింది.

ఆమె పాత న్యూస్ పేపర్ నలిపి అందులో కుక్కింది. చింపిన చోట టేపు అంటించింది. పనిముట్ల పెట్టెలో పెట్టి మూసేసింది. కాసేపటికి నాన్న వచ్చి బండి తీసుకున్నాడు.

రాత్రి భోజనం దగ్గర బాబాయ్ మాట చెప్పాలనే అనుకుంది. కానీ బండి మాట ఎత్తితే ప్యాకెట్ మాట వస్తుంది. నాయనమ్మ పెట్టె తెరిచి చూస్తుంది. రేపు చెప్దాంలే అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది.

సోమవారం పొద్దున నాన్న వెనక కూర్చుని బడికి వెళ్తుంటే, ఆ చప్పుడు మళ్లీ వచ్చింది.

టక్ టక్ టక్.

నాన్నకి అది వినిపించదు. ఇన్నేళ్లూ ఇనుప సిలిండర్ల మోతలో ఆయన చెవులు మొద్దుబారాయి. పైగా హెల్మెట్.

'నేను తిన్నందుకే' అనుకుంది వెన్‌చీ. 'కొత్తది పెడితే ఆగిపోతుంది.'

సాయంత్రం ఆకుపచ్చ ప్యాకెట్ కొని ఎవరూ చూడకుండా మార్చేసింది. మర్నాడు చప్పుడు ఇంకా పెద్దగా వచ్చింది. బడి గేటు దగ్గర దిగి, నాన్న ముఖంలోకి చూసింది.

"ఏమ్మా?"

"ఏం లేదు నాన్నా."

లెక్కల పాఠం మధ్యలో టీచర్ ఆమెని బయటికి పిలిచి, బ్యాగు సర్దుకోమంది.

కొండ వాలులో ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం తిరగడం ఒక్కసారిగా ఆగిపోయింది. బండి పక్కకి జారి, సిలిండర్లతో సహా నాన్న కాలి మీద పడింది. తైచుంగ్ నగరంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఇక ఆ మోకాలు పూర్తిగా వంగదని, బరువులు మోస్తూ మెట్లెక్కడం కుదరదని డాక్టర్ అమ్మతో చెప్పింది. అమ్మ తల ఊపింది.

కున్ బాబాయ్ ఇంజన్ విప్పి చూసి, ఆ సాయంత్రమే ఆసుపత్రికి వచ్చాడు.

"చుక్క ఆయిల్ లేదు అన్నా. బోల్టు వదులైపోయింది."

"బిగించింది నువ్వే కదరా" అంది నాయనమ్మ. "వదులవుతుందని తెలియదా నీకు? తెలిస్తే చెప్పవా?"

కున్ బాబాయ్ గోడ పక్కన నిలబడ్డ వెన్‌చీ వైపు ఒకసారి చూశాడు. వెన్‌చీ నేల చూపులు చూసింది.

"నేనే చెప్పాల్సింది పెద్దమ్మా. అన్నకి నా నోటితో నేనే చెప్పాల్సింది" అన్నాడు.

అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు.

నాయనమ్మ మాత్రం కూరగాయల బజారంతా మాట్లాడింది. ఒక బోల్టు బిగించడం చేతకానివాడు షాపు పెట్టుకున్నాడంది. కొడుకు బతుకు కుంటిదైపోయిందంది. ఆమె ఏడుస్తూ చెబితే ఎవరు నమ్మరు?

బడినుంచి వస్తూ వెన్‌చీ రోజూ ఆ షాపు ముందునుంచే నడవాలి. ఒకరోజు నూడుల్స్ కొట్టాయన ఆగిపోయిన స్కూటర్‌ని తోసుకుంటూ, కున్ బాబాయ్ షాపు దాటి, వీధి చివరి షాపుదాకా వెళ్లడం చూసింది. చెమటలు కక్కుతూ తోశాడు గానీ అక్కడ ఆగలేదు. లోపల కున్ బాబాయ్ శుభ్రంగా ఉన్న స్పానర్లనే మళ్లీ తుడుస్తున్నాడు.

"బడి అయిపోయిందా?" అని అడిగాడు, ఎప్పటిలాగే.

వెన్‌చీ జవాబు చెప్పకుండా పరుగెత్తింది.

ఆ రాత్రి భోజనానికి అందరూ కూర్చున్నారు. నాన్న కట్టు కట్టిన కాలిని స్టూలు మీద చాపుకున్నాడు. అమ్మ పుట్టగొడుగుల ప్యాకింగ్ పనినుంచి అప్పుడే వచ్చింది. ఆమె వేళ్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ముల్లంగి సూప్ చల్లారిపోతోంది.

"బియ్యం కొట్టావిడ కూడా ఇక కున్ దగ్గరికి వెళ్లదట" అంది నాయనమ్మ. "మూసేసుకుని పోనీ."

వెన్‌చీ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది.

"బాబాయ్ చెప్పాడు."

"ఏం చెప్పాడు?" అన్నాడు నాన్న.

"చప్పుడు మళ్లీ వస్తే బండి ఆపేయమన్నాడు. నీకు చెప్పమని నాతో చెప్పాడు. నేను చెప్పలేదు." "నాయనమ్మ ఇచ్చిన ప్యాకెట్ తినేశాను. అది తెలిసిపోతుందని చెప్పలేదు. చప్పుడు నాకు వినిపించింది నాన్నా. రెండు రోజులు వినిపించింది."

నాయనమ్మ తన గిన్నె పక్కకి నెట్టింది.

నాన్న తన కాలి వైపు చూశాడు.

"ప్యాకెట్ తింటే బోల్టు వదులవదు" అన్నాడు. తిట్టలేదు. దగ్గరికీ తీసుకోలేదు. "ఆ మాట నాకు చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు.

"రేపు బాబాయ్ షాపుకి వెళ్లి చెప్తాను" అంది వెన్‌చీ. "తర్వాత కూరగాయల బజారుకి వెళ్తాను. నూడుల్స్ కొట్టుకీ, బియ్యం కొట్టుకీ వెళ్తాను. నాయనమ్మ ఎవరెవరికి చెప్పిందో అందరికీ చెప్తాను."

"ఊరంతా నిన్ను అంటారే" అంది నాయనమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. "కున్‌కి చెబితే చాలదూ? బజారులో ఎందుకు?"

"బాబాయ్‌ని బజారులోనే కదా అన్నారు."

అమ్మ లేచి సూప్ వేడిచేసి, నాన్న గిన్నెలో పోసింది. ఆ తర్వాత వెన్‌చీ గిన్నెలోనూ పోసింది.

"నేను తోడు రానా?" అని అడిగింది.

"వద్దమ్మా. నేనొక్కదాన్నే వెళ్తాను."