ఫ్రిజ్ కాని పెట్టె

ఖైరున్నీసాకు తెనాలి నుంచి బాపట్ల వెళ్లే ప్యాసింజరంటే భయం. అక్కడ కూతురు ఫర్హానా రీసెర్చి చేసే ల్యాబంటే భయం. పక్క టేబుల్ దగ్గర కూర్చునే రేపల్లె కుర్రాడు అమ్జదంటే మరీ భయం. రోజుకు పది మిస్డ్ కాల్స్ ఇచ్చినా మనసు ఆగక, ఆ రోజు టిఫిన్ క్యారియర్‌తో కూతురి వెంటే దిగింది.

"ఇవి కణాలమ్మీ. జెల్లీఫిష్‌లో మెరిసే ప్రోటీన్ వీటిలో పెట్టాం. కణానికి కష్టమొస్తే పచ్చగా వెలుగుతుంది. ఏ మందు కష్టపెడుతోందో తెలిసిపోతుంది."

"మరి నీకు కష్టమొస్తే?"

"నేను వెలగను. అరుస్తాను."

"రోజూ వింటున్నానండి ఖాలా," అన్నాడు అమ్జద్.

మర్నాడు గైడ్ సార్‌కి ఫలితాలు చూపించాలి. చూపించలేకపోతే చుండూరు సంబంధానికి ఒప్పుకుంటానని ఫర్హానా తల్లికి మాటిచ్చింది.

కూతురూ అమ్జదూ క్యాంటీన్‌కి వెళ్లగానే ఖైరున్నీసా కణాలున్న పెట్టెను ముట్టుకుంది. వెచ్చగా ఉంది! పైన అంకె ముప్ఫై ఏడు చూపిస్తోంది. పేలిపోవడానికి ఇంకేం కావాలి? ఇంట్లో ఫ్రిజ్ చల్లబడాలంటే నాబ్‌ను పెద్ద నంబరుకు తిప్పాలి. ఇదీ అంతేగా! నలభై మూడుకు తిప్పేసి, కూతురి చదువును కాపాడిన తృప్తితో కూర్చుంది.

సాయంత్రం మైక్రోస్కోప్‌లో చూసిన ఫర్హానా ముఖం పాలిపోయింది. ఏ మందూ వేయని కణాలు కూడా ఉర్సు నాటి దర్గాలా వెలిగిపోతున్నాయి.

"వేడి ఎవరు పెంచారు?"

ఖైరున్నీసా టిఫిన్ క్యారియర్ వైపు చూపు తిప్పుకుంది. అమ్జద్ ఆమె వైపు ఒకసారి చూశాడు.

"నేనే. పొరపాటున."

"శభాష్! నీకు సన్మానం చేయించాలి. చుండూరు పెళ్లిలో బిర్యానీ డేగిసా దగ్గర నిలబడు, వేడి పెంచడంలో నీ అంత పనిమంతుడు దొరకడు!"

ఇన్నేళ్లుగా ఏ వైపు నుంచి ముప్పొస్తుందా అని కాపు కాసిన ఖైరున్నీసాకు, అది తన చేతి నుంచే వచ్చిందని అర్థమైంది.

"అబ్బాయినేమీ అనకే. నేనే తిప్పా. ఫ్రిజ్‌లాంటిదే అనుకున్నా."

ఫర్హానా అమ్జద్ వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"ఖాలా మొహం చూశాక మైక్రోస్కోప్ ఎందుకు?"

"మరి అబద్ధమెందుకు చెప్పావ్?"

"రేపు నిన్ను అడగడానికి మీ ఇంటికొస్తే, ఖాలా తలుపైనా తీయాలి కదా."

ఫర్హానాకు మొదటిసారి అరవడం చేతకాలేదు.

"మీ సార్‌కి నేను చెబుతా. చుండూరు వాళ్లకీ సంబంధం వద్దని నేనే చెబుతా," అంది ఖైరున్నీసా. తర్వాత అమ్జద్‌ను ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా బాబూ?"

"ఉందండి."

"నేనొచ్చినప్పుడు నన్ను దాని దగ్గరికి రానీకు."